నిద్ర కషాయం కోసం హాలియా దాకా

కాశీకో రామేశ్వరానికో పోయి వచ్చినవాళ్ళు రాస్తే అందరూ చదువుతారు. నేను పోయి వచ్చింది నార్కట్‌పల్లి, నల్లగొండ, హాలియా. నాలుగు రోజులు. గుళ్ళు చూడలేదు. పెద్ద ప్రాజెక్టు అక్కడికి దగ్గరే అన్నారు, అదీ చూడలేదు. నేను పోయింది కషాయం కోసం. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇరవై మూడేళ్ళు గేటు దగ్గర రిజిస్టరు రాసిన చేయి ఊరికే ఉండమంటే ఉండదు. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు వచ్చారు, చేతిలో ఏముంది, ఎప్పుడు పోయారు. ఈ నాలుగూ రాస్తే ఏ ప్రయాణమైనా రాసినట్టేనని నా లెక్క.

షాద్‌నగర్: కారణం

మాది షాద్‌నగర్. ఊరి అంచున ఒక కంపెనీ గోదాముకు రాత్రి వాచ్‌మన్‌గా పనిచేశాను. నిరుడు గోడల మీద కెమెరాలు బిగించారు. మేనేజరు పిలిచి, "వెంకటయ్యా, ఇక రాత్రిపూట నువ్వు అవసరం లేదు. రేపటి నుంచి పగలు గేటుకు రా" అన్నాడు. ఇంటికి పోయి చెబితే మా ఆవిడ సుగుణ సంతోషంతో సేమియా పాయసం చేసింది. ఇక నేను కూడా మనుషుల లాగా రాత్రిపూట నిద్రపోతానని ఇద్దరం అనుకున్నాం.

పోలేదు. రాత్రి తొమ్మిది కాగానే మంచం మీద నిటారుగా కూర్చునేవాణ్ణి. గంటకొకసారి లేచి, టార్చిలైటు పట్టుకుని ఇంటి చుట్టూ ఒక రౌండు కొట్టేవాణ్ణి. మా ఇంటి చుట్టూ తిరగడానికి నలభై అడుగులు పడతాయి. తిరగడం అయ్యాక విజిల్ వేసేవాణ్ణి. వేయకూడదనే అనుకుంటాను, కానీ నోటికి అలవాటు. పక్కింటి బర్రె ముఖం మీద లైటు వేస్తున్నానని, అది పాలు తగ్గించిందని నా మీద తగాదా వచ్చింది. ఎదురింటి రాములు మాత్రం తెలివైనవాడు. "ఎట్లాగూ మేల్కొనే ఉంటవు గద అన్నా, నన్ను నాలుగింటికి లేపరాదూ? ఫస్ట్ బస్సు అందాలె" అన్నాడు. రోజూ లేపాను.

ఇదంతా నా బాధ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ సుగుణ కూడా నిద్ర మానేసింది. "మనిషి మేల్కొని కూసుంటే పక్కన నేనెట్ల పండుత?" అని చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది. మా ఇంట్లో ఆరు నెలలకు సరిపడే బియ్యంలో ఒక్క రాయి లేదు. ఏరినవాటినే మళ్ళీ ఏరేది.

"మరి ఇన్నేండ్లు నేను రాత్రంత బయటనే ఉంటి గద, అప్పుడెట్ల పండినవే?" అని అడిగాను.

"అప్పుడు నువ్వు డ్యూటీల ఉంటివి. డ్యూటీకి మేల్కొనుడు వేరు, ఊకెనే మేల్కొనుడు వేరు" అంది.

ఒక పొద్దున జొన్నరొట్టె కాలుస్తూ కునికింది. అరచేయి పెనం మీద పడింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ కట్టు కట్టి, బీపీ చూసి, "ముందు ఈమె నిద్రపోవాలి. ఇలాగే ఉంటే చేతితో పోదు" అంది. సుగుణ నన్ను చూపించి, "ఆయన పండితే నేను పండుత మేడం" అంది. డాక్టరమ్మ నా వైపు తిరిగి చూసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరివో ఎరువుల బస్తాలకు ఇరవై మూడేళ్ళు ఏమీ కాకుండా చూసుకున్నాను. నా ఇంట్లో నా భార్య చేయి కాలింది.

సూపర్ మార్కెట్లో నిద్ర పట్టించే పూల చాయి డబ్బా దొరికింది, నాలుగు వందల యాభై రూపాయలు. డబ్బా మీద నిద్రపోతున్న పిల్లి బొమ్మ ఉంది. వారం రోజులు తాగాం. పిల్లి ఒక్కటే నిద్రపోయింది. అప్పుడు రాములు చెప్పాడు, హాలియా అంగడిలో ఒక అవ్వ నిద్రకు ఆకుల కట్ట అమ్ముతుందని, దారిలో నార్కట్‌పల్లిలో తన బామ్మర్ది మల్లేశానికి చాయి హోటలుందని, అతనికి అన్నీ తెలుసని. సుగుణకు తోడుగా ఆమె చెల్లెల్ని పిలిపించి, నాలుగు రోజులు సెలవు పెట్టి బయలుదేరాను. సంచిలో రెండు జతల బట్టలు. జేబులో టార్చిలైటు, విజిల్. అవి లేకుండా గడప దాటిన రోజు నాకు గుర్తు లేదు.

నార్కట్‌పల్లి: రెండు కెటిళ్ళు

హైదరాబాదులో బస్సు మారి నార్కట్‌పల్లిలో దిగేసరికి పదకొండు. అది నాలుగు దిక్కుల లారీలు కలిసే చోటు. మల్లేశం హోటలంటే నాలుగు రేకులు, రెండు బెంచీలు, రెండు పొయ్యిలు. చాయి పది రూపాయలే, కానీ చక్కెర మా దగ్గర రెండు గ్లాసులకు వేసేంత ఒక్క గ్లాసులో వేస్తాడు. అడిగితే, "డ్రైవర్లన్నా. చక్కెర తక్కువైతే స్టీరింగు మీదనే పంటరు" అన్నాడు.

నా సంగతి విన్నాడు. "నిద్ర పడ్తలేదా? గదేం రోగమే? నేను నిలబడి కూడ పంట" అంటూనే రెండో పొయ్యి మీద చాయి కెటిల్ అంతదే ఇంకో కెటిల్ నిండా నీళ్ళు పెట్టాడు. ఎండిన చామంతి పూలు, సోంపు, కొంచెం జాజికాయ గీరి, బెల్లం ముక్క. ఒక గ్లాసు నాకిచ్చి, ఇంకో గ్లాసు తాను ఎత్తాడు.

"నీకెందుకయ్యా?" అన్నాను.

"మా దిక్కు మందు ఇచ్చెటోడు ముందుగాల తాగాలె అన్నా. తాగకపోతే మందు పారదు."

మా దగ్గర ఈ ఆచారం లేదు. మా దగ్గర మందు ఇచ్చినవాడు అవతలివాడు తాగేదాకా మాట్లాడకూడదు, అంతే. ఇక్కడ ఒక గుక్క చాలునట, కానీ మల్లేశం మర్యాదస్తుడు, గ్లాసు మొత్తం తాగాడు. పొద్దున మూడింటికి లేచిన మనిషి. ఆవలించి, పొయ్యి తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టి, "జర హోటలు చూడు అన్నా, రెండు నిమిషాలు నడుం వాలుస్త" అని బెంచీ మీద వాలాడు. పదకొండు నలభైకి పడుకుని రెండున్నరకు లేచాడు.

ఈలోపు హోటలు నేను నడిపాను. ఒక లారీ వచ్చింది, చాయి పోశాను. ఇంకో లారీ వచ్చింది, పోశాను. ఏడో లారీకి కూడా పోశాక చూస్తే మొదటి ఆరూ కదలలేదు. కొందరు క్యాబిన్లో, కొందరు లారీ కింద నీడలో, ఒకాయన టైరుకు ఆనుకుని, అందరూ నిద్ర. అప్పుడు కెటిళ్ళ మూతలు తీసి చూశాను. సొట్ట ఉన్నది చాయి కెటిల్, సొట్ట లేనిది కషాయం. నేను పోసినవన్నీ సొట్ట లేనిదాంట్లోంచి.

రోడ్డవతలి పంక్చరు షాపాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందన్నా? స్ట్రైకా?"

"కాదు, పండిన్రు" అన్నాను.

"అందరా?"

నాకు చేతనైన పనే చేశాను. నోట్‌బుక్కు తీసి ఏడు లారీల నంబర్లు, ఎవరు ఎన్నింటికి పడుకున్నారో రాసి, లారీల చుట్టూ రౌండు కొట్టాను. డీజిల్ మూత తీయడానికి వచ్చిన ఒకణ్ణి విజిల్ వేసి తరిమాను. విజిల్‌కు కూడా ఒక్క డ్రైవరు లేవలేదు. లేచాక తిడతారనుకున్నాను. మొదట లేచిన పెద్దాయన కళ్ళు నులుముకుంటూ, "ఎవరో లారీ కాడ తిరుగుతున్నట్టే అనిపిచ్చింది, ఇగ మంచిగ పండిన. ఎన్నొద్దులైందో గిట్ల పండక" అన్నాడు. ఇంకొకాయన, ఎన్ని గంటలు పడుకున్నాడో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమన్నాడు, ఓనరుకు చూపించాలట. రాసిచ్చాను. నేను తాగింది మాత్రం నాకు నోరు తీపి చేసింది, అంతే.

బత్తాయి తోట: గేటు లేని గేటు

ఆ పెద్దాయన నల్లగొండ వైపు బత్తాయిల కోసం పోతున్నాడు. "మా యాదగిరి తోటల పూత ఎండబెడ్తరు. గా నీళ్ళు తాగు, రాయి కూడ పంటది" అని నన్ను లారీ ఎక్కించుకుని సాయంత్రానికి తోటలో దింపాడు. యాదగిరి నలభై ఏళ్ళ రైతు. భార్య లక్ష్మి, ముసలి తండ్రి, తోటలోనే రెండు గదుల ఇల్లు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ పెట్టారు. రొట్టె చూడగానే సుగుణ చేయి గుర్తొచ్చింది. ఫోన్ చేశాను.

"పంటున్నవా?" అని అడిగాను.

"నువ్వు పండితివా?"

"పండలే."

"మరి నేనెట్ల పండుత? ఆడ మేల్కొని ఉన్నవని ఎరికె గద" అంది. నూటయాభై కిలోమీటర్లు పోయినా లాభం లేదని తెలిసిపోయింది.

ఆ రాత్రి గురించి రాసేదేమీ లేదు. తోట చుట్టూ ఆరు రౌండ్లు, ఒక పందికొక్కు.

తెల్లారి ఎండిన బత్తాయి పూలను వేడినీళ్ళలో వేసి మూత పెట్టి, తేనె కలిపి ఇచ్చారు. వాసనకే సగం బాధ పోతుంది. ఇక్కడి ఆచారం నార్కట్‌పల్లి కంటే ముదురు. ఇచ్చినవాడే కాదు, ఇంట్లో అందరూ తాగాలట. యాదగిరి తాగాడు, లక్ష్మి తాగింది, తండ్రి రెండుసార్లు తాగాడు. తాగి, "కోతులొస్తయి, జర చూడు అన్నా" అని యాదగిరి ఒక కర్ర నా చేతికిచ్చి చెట్టు కింద తుండుగుడ్డ పరిచాడు. పావుగంటలో ముగ్గురూ మూడు చెట్ల కింద గురక.

కోతులు వచ్చాయి. విజిల్ వేశాను, పోయాయి. ఈ ప్రయాణంలో నా విజిల్‌ను గౌరవించినవి అవే.

పదింటికి చిన్న వ్యాన్లో ఒక సేటు వచ్చాడు, కాయలు కొనేవాడు. తోటకు గేటు లేదు, కంచెలో ఒక సందు ఉంది. సందు దగ్గర నిలబడి, "పేరు? ఎవరిని కలవాలి? పాస్ ఉందా?" అన్నాను.

"ఏం పాస్? పదేళ్ళ నుంచి వస్తున్న ఈ తోటకు!"

"పదేళ్ళ నుంచి నేను లేను. సార్లు పండుకున్నరు. లేచేదాక కూసోండి."

"నేనెవరో తెలుసా నీకు?"

"తెల్వదు. గందుకే పేరు అడుగుతున్న" అన్నాను. ఆయన సందులోంచి దూరబోయాడు, నేను కర్ర అడ్డం పెట్టాను. తిట్టి తిట్టి అలసిపోయాడు. పాపం ఎండ. ఉన్నది పూల నీళ్ళే, అవే ఇచ్చాను. ఆచారం ప్రకారం ముందు నేను ఒక గుక్క తాగాను. సేటు నాలుగో చెట్టు కింద పడుకున్నాడు.

మధ్యాహ్నం లేచిన యాదగిరి ఆయన్ను చూసి నోరు తెరిచాడు. "ఇన్నేండ్లల్ల గీ సేటు మా తోటల కూసున్నది కూడ లేదే! వ్యాన్ దిగకుండనే అరిచి పోతడు." సేటు లేచాక ముఖం కడుక్కుని, వాళ్ళతో కూర్చుని అన్నం తిని, మెత్తగా మాట్లాడి పోయాడు. యాదగిరి నన్ను తోటలోనే ఉండిపొమ్మన్నాడు. నాకు నవ్వు రాలేదు. రెండు రోజుల్లో పన్నెండు మందిని పడుకోబెట్టాను. నా వంతు, సుగుణ వంతు ఎక్కడున్నాయో తెలియలేదు.

హాలియా: సాయవ్వ

సాయంత్రం బస్సులో హాలియా చేరాను. మా వైపు మెట్ట, రాళ్ళు, కంది చేన్లు. ఇక్కడ కాలువ నీళ్ళు, కంటికందినంత దూరం వరి. ఇంత చల్లటి ఊర్లో బస్టాండు బెంచీ మీద తెల్లవారేదాకా కూర్చున్న మనిషి బహుశా నేనొక్కణ్ణే.

మూడో రోజు వారపు అంగడి. మిరపకాయలు, గంపలు, చీరలు, కోళ్ళు, మైకులో ఎలుకల మందు. ఒక మూల గోనెసంచి పరుచుకుని రాములు చెప్పిన అవ్వ, పేరు సాయవ్వ. పళ్ళు లేవు, నడుం వంగింది, కళ్ళు మాత్రం చురుకు. ముందు తులసి, సోంపు, సరస్వతి ఆకు, పెన్నేరుగడ్డ, ఎండిన చామంతి. కట్ట ఇరవై రూపాయలు. నేను చెప్పినదంతా విని, ఆకుల వైపు చూడకుండా నా జేబు వైపు చూసింది.

"జేబుల ఏంది కొడుకా? అంగట్లకు వచ్చినప్పటిసంది గదే పట్టుకొని తిరుగుతున్నవు."

టార్చిలైటు, విజిల్ తీసి చూపించాను. మా పనిలో పద్ధతి కూడా చెప్పాను. పొద్దున ఆరింటికి పగటి మనిషి వస్తాడు. టార్చి, విజిల్, తాళాలు మన చేతిలోంచి తీసుకుని, 'ఇగ నేను చూస్త, నువ్వు పండు' అంటాడు. ఆ మాట వినకుండా గేటు వదలకూడదు. వదిలితే ఉద్యోగం పోతుంది. ఇరవై మూడేళ్ళు ఆ మాట విన్నాకే ఇంటికి పోయి పడుకున్నాను.

"మరి ఆఖరి పొద్దు ఎవరు తీసుకున్నరు?" అంది సాయవ్వ.

ఆలోచించాను. "ఎవరు లేరవ్వా. తాళాలు మేనేజరు సారు టేబుల్ మీద పెట్టుమన్నడు. కెమెరాలు పెట్టిన్రు గద."

"కెమెరకు చేతులున్నయా?"

నేను చేతిలో ఉన్న టార్చి వైపు చూసుకున్నాను.

"ఎవ్వరు తీసుకోలె. ఎవ్వరు పండుమనలె. అయితే నువ్వింక డ్యూటీ దిగలేదు పో" అని పొయ్యి ముట్టించింది. నీళ్ళు మరిగాక దించింది. ఆకు, పూలు దించాకే వేయాలట, పొయ్యి మీద ఉడికిస్తే చేదు దిగుతుందట. పళ్ళెం మూత పెట్టి కాసేపు ఆగి, వడకట్టి గ్లాసు నాకిచ్చింది. నేను పట్టుకుని కూర్చున్నాను.

"తాగు."

"నువ్వు ముందుగాల తాగాలె గద అవ్వా. లేకుంటే పారదంట."

"నేను తాగ. నేను తాగి పంటే గా టార్చి ఎవరు పట్టాలె?" అని చేయి చాపింది.

ఇంత తేలిగ్గా ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. కొన్ని ప్రశ్నలు అడిగాను. రాత్రిపూట కళ్ళు మూతలు పడతాయా? "ముసలి కండ్లు కొడుకా, నిద్రెక్కడిది? తెల్లందాక ఊకెనే కూసుంట. చేసెతందుకు పని లేక పరేషాన్." గంటకొక రౌండు కొట్టగలదా? "ఒక్క అర్ర ఇల్లు. ఎన్ని రౌండ్లంటే అన్ని." విజిల్ వేయగలదా? పళ్ళు లేని నోట్లో పెట్టుకుని ఊదింది. ఎలుకల మందు మైకు ఆగింది. కోళ్ళవాడు లేచి నిలబడ్డాడు. ఇక అనుమానం లేదు. నోట్‌బుక్కులో టైం రాసి, వేలిముద్ర వేయించుకుని, టార్చి, విజిల్ చేతికిచ్చాను.

"ఇగ నేను చూస్త. నువ్వు పండు" అంది సాయవ్వ.

కషాయం తాగానని గుర్తుంది. గ్లాసు కింద పెట్టింది గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి ఎండ పోయింది, అంగడి ఎత్తేశారు. నేను ఖాళీ గోనెసంచుల మీద ఉన్నాను. సాయవ్వ పక్కనే కూర్చుని, ఇంకా వెలుతురు ఉండగానే టార్చి వేసి నా ముఖం మీద పట్టుకుని ఉంది.

"ఒక కుక్క వచ్చింది, పొమ్మన్న. ఒకాయన చచ్చినవా అని చూడనీకి వచ్చిండు, ఆయన్ని గూడ పొమ్మన్న. ఇంకెవ్వరు రాలె" అని చెప్పింది.

డ్యూటీ అప్పగించేటప్పుడు ఇలాగే చెప్పాలి. మా పగటి మనిషి కూడా ఇంత బాగా చెప్పేవాడు కాదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తుడుచుకుని టార్చి కోసం చేయి చాపాను. ఆమె కొంగు కింద పెట్టుకుంది. "నువ్వు దిగినవు. ఇప్పుడు డ్యూటీ నాది" అంది. కొంగు ముడిలోంచి చిన్న బటన్ ఫోన్ తీసి నంబరు ఇచ్చింది. ఇరవై రూపాయలిచ్చి ఒక ఆకుల కట్ట సంచిలో పెట్టుకున్నాను. ఆ రాత్రి ఆమె ఇంటి అరుగు మీద పడుకున్నాను. రౌండ్లు కొట్టిందో లేదో నాకు తెలియదు.

మహబూబ్‌నగర్: టికెట్ లేని నిద్ర

నాలుగో రోజు పొద్దున బయలుదేరి, దేవరకొండ దగ్గర బస్సు మారాను. కల్వకుర్తిలో దిగి షాద్‌నగర్ బస్సు ఎక్కాలి. కండక్టరు భుజం తట్టి లేపితే అది మహబూబ్‌నగర్. "నీ టికెట్ కల్వకుర్తి దాకనే పెద్దమనిషీ! గింత నిద్రేంది?" అని కోప్పడ్డాడు. మిగతా టికెట్ డబ్బులు సంతోషంగా ఇచ్చి, ఆయన చేయి పట్టుకుని ఊపాను. ఆయన చేయి లాక్కున్నాడు.

మళ్ళీ ఇల్లు

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. చెల్లెలు వెళ్ళిపోయింది. సుగుణ చేతికి కట్టుతో, మంచం మీద చాట ముందు పెట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. కళ్ళ కింద నలుపు. నా జేబు చూసింది.

"టార్చి ఏది?"

"హాలియాల ఉంది."

"పోగొట్టుకున్నవా?"

"లే. అప్పగించిన. నాకు రిలీవర్ దొరికింది."

నాకు పిచ్చి పట్టిందనే అనుకుంది, ముఖం చూస్తే తెలిసింది. అందుకే అవ్వకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను. సుగుణ ఫోన్ చెవికి ఆనించుకుంది. తర్వాత భయపడుతూ అడిగింది.

"అవ్వా... నువ్వు మేల్కొనే ఉన్నవా?"

అవతలి గొంతు నాకు కూడా వినిపించింది. "ఉన్న బిడ్డా. తెల్లందాక ఉంట. ఆయన దిగిండు. నువ్వు గూడ పండు."

తర్వాత ఫోన్లోంచి విజిల్ మోగింది. పక్కింటి బర్రె ఉలిక్కిపడి అరిచింది.

నేను పొయ్యి దగ్గరికి పోయి నీళ్ళు మరిగించాను. దించాకే ఆకు వేశాను, పళ్ళెం మూత పెట్టాను, అవ్వ చెప్పినంతసేపూ ఆగాను. రెండు గ్లాసుల్లో వడకట్టుకుని వచ్చేసరికి సుగుణ ఫోన్ చెవికి ఆనించుకునే, చాట ఒళ్ళో ఉండగానే, గోడకు వాలి నిద్రపోతోంది. కట్టు ఉన్న చేయి బియ్యంలో ఉంది. ఆ చేతిని మెల్లగా తీసి దిండు మీద పెట్టాను. రెండు గ్లాసులూ నేనే తాగాను.

నాకూ నిద్ర వస్తోంది. అయినా కాసేపు ఆమె పక్కన కూర్చుని చూశాను. అది డ్యూటీ కాదు.